చలికాలం పాటలు, పూటల లెక్కన

బొబ్బిలి నుంచి వెళ్లి హైదరాబాదులో చదువుకుంటున్నానని, సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర వినడానికి చలికాలం పాటలు చెప్పమని అడిగారు. ఒకే రకం వద్దు, సినిమావి, జానపదాలు, శాస్త్రీయం, ఒట్టి వాయిద్యాలు అన్నీ కలవాలన్నారు. నెట్లో దొరికే వింటర్ ప్లేలిస్టుల్లో మంచు కొండలు, క్రిస్మస్ గంటలు, అవి పోతే అవే పది ప్రేమ పాటలు తప్ప ఏమీ లేవన్నారు. నాది విజయనగరంలో మైకుసెట్టు షాపు. నేను సంగీతం చదువుకున్నవాణ్ని కాదు. ఏ పాట ఏ పూట జనం చెవికెక్కుతుందో, ఏ పాటకి "కొంచెం సౌండు తగ్గించు బావూ" అని కబురొస్తుందో మాత్రం రోజూ చూస్తుంటాను. ఆ అనుభవంతోనే చెప్తున్నా.

మన వైపు చలి రోజంతా ఉండదు కదా. తెల్లారి పొగమంచు, పొద్దుగూకాక వణుకు. మధ్యలో పదకొండింటికల్లా స్వెట్టర్ విప్పి సంచిలో కుక్కేస్తాం. మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండలో ఏ మంచు పాట పెట్టినా నప్పదు. అందుకే చలికాలం పేరుతో ఒకటే పొడుగాటి జాబితా కట్టకండి, పూటలుగా విడగొట్టండి. నా పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లకి పేర్లుండవు, గంటలే ఉంటాయి: 05, 07, 18, 21. ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిపి 1967లో చేసిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అనే రికార్డుంది. కశ్మీరులో ఒక గొర్రెల కాపరి రోజుని తెల్లారి ఆహిర్ భైరవ్ రాగంతో ఎత్తుకుని పహాడీ రాగంతో దించుతారు. వాయిద్యాలు కావాలన్నారు కాబట్టి ముందు అది డౌన్‌లోడ్ చేసుకోండి. ముక్కలుగా విడగొట్టి ఏ పూటది ఆ పూట ఫోల్డర్లో వేసుకున్నా తప్పు లేదు.

ఇక తెల్లవారుజాము. ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో పట్టి భోగితో వదులుతుంది. ఆ నెల పెళ్లిళ్లుండవు గనక మా సామానంతా గుళ్లలోనే పడుంటుంది. తిరుమలలో కూడా ఈ నెల సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు. తిరుప్పావై అంటే ఆండాళ్ అరవంలో పాడిన పాశురాలు 30, రోజుకొకటి. ఎం.ఎల్. వసంతకుమారి పాడినవి తీసుకోండి. అరియకుడి రామానుజ అయ్యంగార్ కట్టిన వరసల్లో మొదటి పాశురం నాట రాగంలో లేస్తుంది. దుప్పటి లాగి పక్కన పడేసినంత పని చేస్తుంది ఆ ఎత్తుగడ. అరవం రాదని వెనకాడకండి, మా వీధిలో ఎవరికొచ్చు గనక. ఒక్కటే షరతు, రోజుకొకటే వినాలి. ముప్పయ్యీ వరసపెట్టి పెడితే నాలుగో దానికి మళ్లీ నిద్రొస్తుంది.

ఈ పూట వినేవి జాగ్రత్తగా ఎంచమనడానికి ఇంకో కారణముంది. చలికాలం తెల్లారి శబ్దం విపరీతంగా దూరం పోతుంది. రాత్రంతా నేల చల్లబడి, నేలని ఆనుకున్న గాలి చల్లగా, పైన గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. అప్పుడు శబ్దం ఆకాశంలోకి పోకుండా మళ్లీ నేల వైపు వంగుతుంది. పొలాల అవతల ఊళ్లో పూజారి మైకు ముందు దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది. ఎండెక్కాక అదే మైకు, అదే సౌండు, ఊరి చివరికి కూడా పోదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్యం నిబంధనల్లో ఉంది కాబట్టి ఆరయ్యేదాకా బూరలు కట్టేసి గుడి లోపల చిన్న బాక్సు ఒక్కటే పెడతాను. మీరూ ఇంట్లో ఆ మర్యాద పాటించండి, గోడ పక్కవాళ్లు పడుకునుంటారు.

బూర మైకులో బేస్ రాదు. డ్రమ్ములు, గిటారు అడుగు మోత అంతా ఎగిరిపోయి గొంతు, సన్నాయి, ఫిడేలు మిగులుతాయి. మీ ఫోన్ స్పీకరుదీ అదే బాపతు. కాబట్టి ఇయర్‌ఫోన్స్ లేకుండా వినే పూటకి బేస్ మీద నడిచే కొత్త పాటలు దండగ. గొంతు ముందుండే పాటలు వేసుకోండి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బౌళిలో పాడిన 'శ్రీమన్నారాయణ' అన్నమయ్య కీర్తన ఉంది. పగలు విన్నా బాగుంటుంది గానీ తెల్లారి వింటే బౌళి రాగం ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

దాని వెనకే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణ దాసు గారు ప్రిన్సిపాలు, ద్వారం వారు ఫిడేలు గురువు. దాసు గారి తర్వాత ప్రిన్సిపాలయ్యిందీ ఆయనే. పాత గ్రామఫోను రికార్డులు మూడేసి నిమిషాలే ఉంటాయి, గీర వినిపిస్తుంది, ఫర్వాలేదు. కమాను తీగ మీద పెట్టే ముందు ఆయన తొందరపడరు. స్వరం సన్నగా మొదలై, మధ్యలో నిండి, ఎక్కడ ఆగిందో తెలీకుండా ఆగుతుంది. శుభ్రం చేసిన రికార్డింగులు కూడా తిరుగుతున్నాయి. నాకవి నచ్చవు, గీరతో పాటు కమాను రాపిడి కూడా కొంత కొట్టుకుపోయింది. గీర ఉన్నదే వెతకండి.

ఇదే ఫోల్డర్లో ఘంటసాల 'పుష్పవిలాపం' ఉంది. కరుణశ్రీ పద్యాలు. అమ్మ గొబ్బెమ్మల కోసం బంతిపూలు కోస్తున్నప్పుడు మాత్రం పెట్టకండి, పూలు తమని కోయొద్దని బతిమాలుకునే పద్యాలవి. మా ఇంట్లో ఒకసారి పెద్ద రభసే అయ్యింది. ఘంటసాల పుట్టింది డిసెంబర్ 4న (1922). చదువుకుంది మన సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. పూలు కోసేసాక 'మూగమనసులు'లో 'ముద్దబంతి పువ్వులో' పెట్టుకోండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఏడింటికి మీరు చెరువు గట్టుకి నడకకెళ్తారనుకుందాం. ఇక్కడైతే అయ్యకోనేరు గట్టు. అప్పటికి మంచు నీళ్ల మీదే ఉంటుంది, అవతల గట్టు కనిపించదు. ఈ పూట సినిమా పాటలే నా ఓటు. సుశీలమ్మ విజయనగరంలోనే పుట్టారు, సంగీతం నేర్చుకున్నదీ ఇక్కడే. 'మేఘసందేశం'లో కృష్ణశాస్త్రి రాసిన 'ఆకులో ఆకునై', రమేశ్ నాయుడు వరస. దాని తర్వాత 'అభినందన'లో 'మంచు కురిసే వేళలో'. మంచు కురిసే వేళ మల్లె పూయదు కదా అని అడగబోకండి, పాట కూడా అదే అడుగుతుంది. తర్వాత 'గీతాంజలి'లో 'ఆమని పాడవే'. ఆమని అంటే వసంతం, నిజమే. తీసింది ఊటీలో, తెర నిండా మంచు. ఇళయరాజా ఆ వాయిద్యాల మధ్య వదిలిన ఖాళీలు చలి గాలికే సరిపోతాయి. బండి మీద పోయేటప్పుడు ఇయర్‌ఫోన్స్ వద్దు. జాతీయ రహదారి మీద మంచులో వెనకొచ్చే లారీ ముందు వినిపిస్తుంది, తర్వాతే కనిపిస్తుంది.

మధ్యాహ్నానికి నా దగ్గర ఫోల్డరే లేదు. డాబా మీద ఎండకి కూర్చుని తేగలు తినండి చాలు. ఒక్క మినహాయింపు, వాయుగుండం పట్టి ముసురేసిన రోజు. మనకి నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో అలాంటి రోజు ఒకటైనా తప్పదు. ఆ రోజు ఇటలీ ఆయన వివాల్డి నాలుగు రుతువుల మీద కట్టిన వాటిలో చలికాలం ముక్క పెట్టండి. 1725లో అచ్చయ్యింది. మూడు భాగాలు. మొదటి దాంట్లో ఫిడేళ్లు చలికి పళ్లు టకటకలాడిస్తాయి. రెండోది నిదానం, రెండు నిమిషాలే. బయట వాన పడుతుంటే లోపల మంట దగ్గర హాయిగా కూర్చున్నట్టు ఆయనే పద్యం కూడా జత చేశాడు, చినుకుల్ని తీగలు మీటి వినిపిస్తారు. విదేశీ సంగీతం అలవాటు లేని మా ఆవిడకి కూడా ఆ రెండో భాగం నచ్చింది. మూడోది ఆవిడ ఆపేయమంటుంది.

సాయంత్రం ఆరయ్యాక జానపదాల పూట. చలిమంట వేశాక సన్నటి గొంతులు ఆనవు, తోలు మోగాలి. సంక్రాంతికి డప్పులు కొట్టేవాళ్లు వస్తే వాయించే ముందు ఏం చేస్తారో గమనించండి. మంచుకి తోలు చెమ్మ పట్టి మెత్తబడుతుంది, దెబ్బ వేస్తే దబ్బుమని చచ్చిపోతుంది. తాటాకుల మంట మీద డప్పుని తిప్పుతూ కాస్తారు. మధ్యమధ్య వేలితో కొట్టి చూస్తారు. శ్రుతి ఒక్కో మెట్టూ ఎక్కి చివరికి ఖంగుమంటుంది. నాకైతే వాయింపు కంటే ఆ కాచడం వినడమే ఇష్టం. ఒకసారి దగ్గరగా మైకు పెట్టి రికార్డు కూడా చేసుకున్నాను, ఫోల్డర్ 18లో మొదటి ఫైలు అదే. మీరూ ఫోన్‌లో చేసుకోవచ్చు, అడిగితే ఎవరూ కాదనరు.

మన ఉత్తరాంధ్ర సరుకులో రెండు తప్పకుండా వెతకండి. ఒకటి తప్పెటగుళ్లు. గొల్లలు రేకు తప్పెటలు గుండెకి కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకి మువ్వలతో గెంతుతూ పాడతారు. రెండోది జముకుల కథ. జముకు ఒక తోలు బిగించిన పాత్ర, అందులోంచి ఒక తీగ. తీగని బిగించి వదులుతూ మీటుతుంటే స్వరం జారుతుంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో పెడితే ఆ జారుడు ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత వంగపండు ప్రసాదరావు గారి గొంతులోనే 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి మనిషి, 2020లో పోయారు. వేరేవాళ్లు పాడినవి బోలెడున్నాయి గానీ ఆయన యాస రాదు వాళ్లకి. కుర్రాళ్లు గెంతడానికి 'పలాస 1978'లో 'నాది నక్కిలీసు గొలుసు' ఉండనే ఉంది. దానికి బేస్ కావాలి, ఫోన్ స్పీకర్‌తో పని కాదు.

తొమ్మిది దాటాక సౌండు సగానికి. సాలూరి రాజేశ్వరరావు గారిది సాలూరు పక్కన శివరామపురం. సినిమాల్లో ఎంత చేసినా నాకాయన సొంతంగా పాడుకున్న లలిత గీతం 'చల్లగాలిలో యమునా తటిపై' ముందు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో వరస కట్టిన 'నానాటి బతుకు నాటకము', ఆయన పాడిందే. ఆయనా మన కళాశాల విద్యార్థే. తర్వాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నారు. వృత్తికి డాక్టరైన పినాకపాణి గారు పుట్టింది శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో. చివరికి వీణ. చిట్టిబాబు గారిది ఏదైనా సరే. మీది బొబ్బిలి కాబట్టి వీణ గురించి నేను చెప్పక్కర్లేదు గానీ, గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి ఏకాండ వీణ చేస్తుంటే చూసి ఉండకపోతే ఈ సెలవుల్లో ఒక పూట వెళ్లండి. చెక్క మీద ఉలి దెబ్బలు కూడా వినదగ్గవే.

పండగల సంగతి విడిగా. క్రిస్మస్ పాటలు వద్దన్నట్టు రాశారు గానీ ఒకటి ఉంచుకోండి, 'శుద్ధరాత్రి'. 1818 క్రిస్మస్ ముందు రాత్రి ఆస్ట్రియాలో ఒక చిన్న ఊరి చర్చిలో గిటారుతో మొదటిసారి పాడిన పాట అది. మన ఊళ్లలో ఢోలక్ వేసి ఇంటింటికీ తిరుగుతూ పాడతారు, నాకా ఢోలక్ పాటే ఎక్కువ నచ్చుతుంది. గొబ్బిళ్లకి అన్నమయ్య 'కొలని దోపరికి గొబ్బిళ్లో'. సంక్రాంతికి ముందో వెనకో పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఆయన పంచరత్న కీర్తనలు అయిదూ వినండి. మొదటిది 'జగదానందకారక', మళ్లీ నాటే. ధనుర్మాసం తొలి రోజు విన్న రాగం ఇక్కడ మళ్లీ పలకరిస్తుంది. అది పండగ వెళ్లాక పడితే అప్పటికి మీ సెలవులైపోయి బస్సెక్కేసి ఉంటారేమో, దారిలో సిగ్నల్ ఉండదు, ముందే దించి పెట్టుకోండి.

ఇవన్నీ ఒకే ప్లేలిస్టులో పోసినా సరే గానీ షఫుల్ బటన్ మాత్రం ఆపేయండి. తెల్లారి అయిదింటికి తిరుప్పావై అనుకుని నొక్కితే నక్కిలీసు గొలుసు వచ్చిందనుకోండి, మీ నాన్నగారు ఏటంటారో మీకే తెలియాలి.