సైరన్ వేసుకునే రెడ్ సిగ్నల్ దాటాను, యాక్సిడెంట్ అయింది, తప్పు నాదేనా?

ప్రశ్న: లాయర్ గారూ, నేను ప్రైవేట్ అంబులెన్స్ డ్రైవర్ని. ఏలూరు నుంచి విజయవాడకి గుండెనొప్పి పేషెంట్‌ని తీసుకెళ్తుంటే సిటీలో ఒక సిగ్నల్ దగ్గర రెడ్ పడింది. సైరన్, లైట్లు వేసే ఉన్నాయి. అడ్డంగా వచ్చే బస్సు మాకోసం ఆగింది, సరే అని దాటేస్తుంటే బస్సు చాటు నుంచి స్కూటర్ వచ్చి తగిలింది, అతనికి కాలు విరిగింది. అక్కడున్నవాళ్లకి అప్పజెప్పి, 108కి ఫోన్ చేసి, పేషెంట్‌ని ఆస్పత్రిలో దింపి గంటలో స్టేషన్‌కి వెళ్లాను. కేసు రాశారు. అంబులెన్స్‌కి సిగ్నల్ లేదు, నీకేం కాదు అంటాడు మా ఓనర్. ఇన్సూరెన్స్ వాళ్లేమో సిగ్నల్ జంప్ చేశావు, పైగా నీది మామూలు ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్, అంటే చిన్న బండ్ల) లైసెన్స్, మేం కట్టం అంటున్నారు. తప్పొప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుందని కోర్టు దగ్గర ఎవరో చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: బ్రదర్, ముందు ఆ చివరి సలహా పక్కన పెట్టండి. చార్జిషీట్ కాపీ తీసుకుని ఒక లాయర్‌తో కూర్చుని చదివేదాకా తప్పొప్పుకోవద్దు. ఫైన్ కట్టేసి ఆరోజుకి ఇంటికెళ్లిపోవచ్చు, నిజమే, కానీ రేపు స్కూటర్ అతను నష్టపరిహారం కేసు వేస్తే ఆ ఒప్పుకోలునే తెచ్చి మీ ముందు పెడతారు, లైసెన్స్ మీదకి కూడా రావచ్చు. కాలు విరిగింది కాబట్టి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 281, అంటే ర్యాష్ డ్రైవింగ్, 125(బి), అంటే నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేయడం, పెట్టి ఉంటారు, రెండూ బెయిలబుల్, జైల్లో వేసేస్తారని కంగారు పడక్కర్లేదు. కానీ 125(బి)కి మూడేళ్ల దాకా శిక్ష ఉంది, అందుకని తేలిగ్గా కూడా తీసుకోవద్దు.

ఇక మీ ఓనర్ మాట సగమే నిజం. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో 27వది అంబులెన్స్‌కి దారి ఇవ్వాలంటుంది, రెడ్ దాటొచ్చు, స్పీడ్ లిమిట్ మించొచ్చు అని కూడా అంటుంది. అయితే ఊరికే కాదు, నిజంగా ప్రాణం మీదకొచ్చిన ఎమర్జెన్సీ అయ్యుండాలి, సైరన్, లైట్లు వేసుండాలి, అప్పుడు కూడా జాగ్రత్తగా, రెడ్ దగ్గరైతే స్పీడ్ తగ్గించి మరీ దాటాలి. పేషెంట్‌ని దింపేసి ఖాళీగా వస్తూనో, డెడ్‌బాడీని తీసుకెళ్తూనో సైరన్ కొట్టుకుంటూ వెళ్తే ఈ వెసులుబాటు ఏదీ ఉండదు. (కొంతమంది టీకి లేటవుతుందని కూడా కొడతారు, మీరు కాదులెండి.) ఇంకోటి, ఆర్‌సీలో బండి అంబులెన్స్ అనే ఉందా చూసుకోండి. పాత వ్యాన్‌కి స్టిక్కర్లేసి తిప్పే బండైతే నేను చెప్పేదంతా తలకిందులవుతుంది.

అంటే కోర్టులో మీరు రెడ్ దాటారా లేదా అన్నదాని మీద పెద్దగా వాదన ఉండదు, ఎలా దాటారన్నదే అసలు సంగతి. జంక్షన్‌లోకి వచ్చేసరికి స్పీడెంత, బ్రేక్ మీద కాలుందా, బస్సు అవతల ఏముందో చూశారా అని అడుగుతారు. నాకు మీ కథలో భయమేసేది ఆ బస్సే. బస్సు ఆగిందంటే ఆ ఒక్క లేన్ ఆగినట్టు, అంతే, దాని పక్కన వచ్చే స్కూటర్ వాడికి మీరు కనబడరు, మీకు వాడు కనబడడు, సైరన్ వినబడినా ఎటునుంచో తెలీదు, వాడికి గ్రీన్ ఉంది కాబట్టి పోతూనే ఉంటాడు. అందుకే బస్సు ముక్కు దాటేముందు దాదాపు ఆగిపోవాలి, నడక స్పీడ్‌లో బండి ముక్కు బయటపెట్టి, ఆ లేన్ ఖాళీ అని కళ్లతో చూసుకుని, తర్వాత లేన్‌కి మళ్లీ అదే పని చేయాలి. వెనక నుంచి పేషెంట్ తాలూకు వాళ్లు తొందరగా పోనివ్వు అన్నా అట్టాగే వెళ్లాలి. ఇలా చేస్తే మూడు నాలుగు సెకన్లు పోతాయి, మీకు యాక్సిడెంట్ అయినందుకు స్కూటర్ అతనికి కాలు విరిగింది, పేషెంట్‌కి ఎన్ని నిమిషాలు పోయాయో మీకే తెలుసు. ఆరోజు మీరు అలా స్లో చేశారా? చేసుంటే మీ కేసు బలంగా ఉంది, చేయకపోతే మీ లాయర్‌కి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి.

సాక్ష్యం ఇప్పుడే పోగేసుకోండి, ఆలస్యం చేయొద్దు. సిగ్నల్ దగ్గర సీసీటీవీ ఫుటేజ్ కొన్నాళ్లకి దాని మీదే మళ్లీ రికార్డయిపోతుంది కాబట్టి దాచి ఉంచమని పోలీసులకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రిసీవ్డ్ వేయించుకోండి. జీపీఎస్, డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ డేటా కాపీ తీసిపెట్టండి, ఎలక్ట్రానిక్ రికార్డులకి తోడుగా ఇవ్వాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే కోర్టు దాన్ని పక్కన పెట్టే ప్రమాదముంది. ఏలూరులో రిఫర్ చేసిన చీటీ, ఇక్కడ క్యాజువాలిటీలో ఎంట్రీ పడిన టైమ్, ఈ రెండూ ఎమర్జెన్సీ నిజమని చెప్తాయి. బస్సు డ్రైవర్ దొరికితే మంచి సాక్షి. మీరు 108కి ఫోన్ చేసిన కాల్ రికార్డ్ కూడా ఉంచుకోండి, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడ్డవాళ్లకి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి, ఆ రెండూ మీరు చేశారు. ఇది మీకు బాగా పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పేది నమ్మకండి. థర్డ్ పార్టీకి, అంటే మీ బండి వల్ల దెబ్బ తిన్న బయటివాళ్లకి, డబ్బు కట్టనని చెప్పడానికి చట్టంలో కారణాలు కొన్నే ఉన్నాయి, సిగ్నల్ జంప్ అందులో లేదు. లైసెన్స్ సంగతి 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది, 7,500 కేజీల లోపు బండికి ఎల్‌ఎంవీ చాలు, లైసెన్స్ మీద విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (కమర్షియల్ బండి నడపొచ్చన్న ముద్ర) అక్కర్లేదు. మామూలు వ్యాన్ అంబులెన్స్‌లు ఆ బరువులోపే ఉంటాయి. అంబులెన్స్ పనికే వాడే బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు, మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ చూపించండి. పాలసీ ఆరోజుకి బతికే ఉందో లేదో మాత్రం ఓనర్‌ని అడిగి కాపీ తీసుకోండి. నష్టపరిహారం కేసులో మీతో పాటు ఓనర్ కూడా పార్టీయే, డబ్బు నీ జీతంలో కట్ చేస్తానని ఏ కాగితమైనా పెడితే సంతకం పెట్టకండి.

స్కూటర్ అతను సైరన్ విని కూడా దారివ్వలేదని తేలితే అదే చట్టం 194-ఇ కింద అతని మీద 10,000 రూపాయల ఫైన్ ఉంది, పరిహారంలో అతని వాటా తప్పు కూడా లెక్కేస్తారు. కానీ గ్రీన్‌లో వచ్చినవాడి మీద ఇది నిలబెట్టడం కష్టం, దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు. ఫ్రాక్చర్ సెక్షన్, అదే 125(బి), కోర్టు అనుమతితో రాజీ అవుతుంది, 281 మాత్రం అవ్వదు. అతన్ని ఆస్పత్రిలో ఒకసారి పలకరించి రండి, ఒక్కరే వెళ్లకండి, డబ్బు మాట ఎత్తకండి. చార్జిషీట్ వచ్చాక అందులో మీ స్పీడ్ గురించి ఏం రాశారో చూసి మళ్లీ రాయండి.