డయాలసిస్‌కి రానంటున్న నాన్న.. సైకియాట్రిస్ట్‌కి చూపించాలా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకు 56 ఏళ్లు. కిడ్నీలు పాడై ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఈమధ్య ఎవరితోనూ మాట్లాడటం లేదు. తిండి, నిద్ర తగ్గాయి. ‘నా వల్ల మీకు ఖర్చే’ అంటూ పోయిన నెల రెండుసార్లు డయాలసిస్‌కి రాలేదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి వేస్తున్నాం. మానసిక వైద్యుడి మందులు వాడితే కిడ్నీలకు ఇంకా చేటా?

జవాబు: మందుల సంగతి తర్వాత. డయాలసిస్ మానేయడాన్ని మొండితనం అనుకోకండి. రెండు విడతలు తప్పితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఆ సంగతి ఆయనకూ తెలిసే ఉంటుంది. అందుకే పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అలా జరగదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మాత్రలు అందుబాటులో ఉంచొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంత జబ్బు చేస్తే దిగులు ఉండదా అని బంధువులు అంటూ ఉంటారు. దిగులు సహజమే, డిప్రెషన్ వేరు. దానికి విడిగా వైద్యం ఉంది. చిక్కేమిటంటే నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి. అందుకే నేను వేరే సంగతి అడుగుతాను. డయాలసిస్ మర్నాడు ఒంట్లో కాస్త తేలికగా ఉన్నప్పుడైనా తోటవైపు వెళ్తున్నారా? పిల్లలు దగ్గరకొస్తే ముఖం విప్పారుతోందా? అదీ లేక, తాను భారమనే మాటే పదేపదే వస్తుంటే డిప్రెషన్ అనే అనుమానించాలి. దాంతోపాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. డయాలసిస్ సరిపోతోందో లేదో కిడ్నీ డాక్టర్‌ని అడగండి. రాత్రి కాళ్లు లాగడం, దురద వల్ల కూడా నిద్ర చెడుతుంది.

ఇక మీ భయం. డిప్రెషన్ మందులు చాలావరకు కాలేయంలో విరుగుతాయి. సెర్ట్రలీన్ లాంటివి డయాలసిస్‌లో ఉన్నవారికీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఇస్తారు. వీటికి నిద్రమాత్రల్లా అలవాటు పడరు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం ఉండవచ్చు. రక్తస్రావం అయ్యే అవకాశాన్ని ఇవి కొంచెం పెంచుతాయి, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కూడా ఇస్తారు కాబట్టి ఇద్దరు డాక్టర్లకూ రెండు చీటీలూ చూపించాలి. లిథియం అనే మానసిక వైద్యపు మందు మాత్రం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, దాని జోలికి సాధారణంగా వెళ్లరు. షాపులో తెచ్చిన నిద్రమాత్ర రోజూ వేసుకుంటున్నట్లయితే ఒక్కసారిగా ఆపొద్దు, ఆ స్ట్రిప్ డాక్టర్‌కి చూపించండి.

మందు ఒక్కటే మార్గం కాదు. 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో డయాలసిస్ జరుగుతుండగా కుర్చీ దగ్గరే కౌన్సెలింగ్ ఇచ్చి, సెర్ట్రలీన్‌తో పోల్చారు. 12 వారాలకు మందు కొద్దిగా మెరుగనిపించింది, ఇబ్బందులు కౌన్సెలింగ్‌లో తక్కువ. మన డయాలసిస్ కేంద్రాల్లో ఆ నాలుగు గంటలూ రోగి పైకప్పు చూస్తూ గడుపుతాడు. అక్కడ ఒక కౌన్సెలర్ ఉంటే ఎంత మేలు!

ఉద్దానంలో మీ నాన్నగారు ఈ జబ్బుతో పోయినవారిని కళ్లారా చూసి ఉంటారు. ‘ఏం కాదులే’ అంటే ఆయన నమ్మరు. భయం చెప్పుకోనివ్వండి, వినండి. ఖర్చు లెక్కలు ఆయన ముందు మాట్లాడొద్దు.

శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఈ వారంలోనే, డయాలసిస్ లేని రోజు చూసి తీసుకెళ్లండి. సైకియాట్రిస్ట్ అంటే రానంటే, నిద్ర కోసం అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.