హిమేజి కోట, కోబే ఒక్క రోజులో అవుతాయా?

ప్రశ్న: నవంబర్‌లో మా చెల్లెలు వాళ్ళింటికి ఒసాకా వెళ్తున్నాం. నేను, అత్తయ్యగారు, 9 ఏళ్ళ బాబు. తిరగడానికి ఒక్క రోజే ఖాళీ దొరుకుతోంది. హిమేజి కోట చూసి కోబే కూడా చూడొచ్చా, లేక ఒకటి వదిలేయాలా? అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, చీరే కడతారు, నీచు ముట్టరు. — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ అవుతాయండీ, కాకపోతే పొద్దున కోట, సాయంత్రం కోబే అని పెట్టుకోండి, తిరగేసి పెట్టుకుంటే కోట పోతుంది ఎందుకంటే అక్కడ 4 గంటల తర్వాత లోపలికి పంపరు. కోబే దారిలోనే ఉంటుంది, పైగా రేవు ఊరు కదా, దీపాలు పెట్టాకే దాని అందం.

బుల్లెట్ ట్రైన్ అక్కర్లేదు. ఒసాకా స్టేషన్‌లో షిన్‌కైసోకు అనే ఫాస్ట్ లోకల్ ఎక్కితే మామూలు టికెట్ మీదే గంటలో హిమేజి. ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, సగం దారి దాటాక సముద్రం పట్టాల పక్కకే వచ్చేస్తుంది, ఆకాషీ వంతెన కింద నుంచే పోతారు, 1998లో కట్టారు, మధ్యలో రెండు స్తంభాల నడుమ దూరమే 1991 మీటర్లు, బాబు నోరు తెరుచుకుని చూస్తాడు.

స్టేషన్ బయటికి రాగానే రోడ్డు చివర తెల్లగా కోట కనపడుతుంది, తిన్నగా ఒక కిలోమీటర్ నడకే. ఇప్పుడున్న పెద్ద బురుజు 1609లో ఇకెదా తెరుమాసా అనే ప్రభువు కట్టించింది, 1945లో బాంబులకి ఊరు తగలబడిపోయినా ఇది మిగిలింది. 2026 మార్చి నుంచి హిమేజి ఊరివాళ్ళు కానివాళ్ళకి టికెట్ 2500 యెన్లు చేశారు, 18 లోపు పిల్లలకి ఫ్రీ.

అసలు విషయం మెట్లు. మన గోల్కొండలా రాతి మెట్లు కాదండీ, లోపలంతా చెక్క, మెట్లు నిచ్చెన వేసినంత నిటారుగా ఉంటాయి, ఆరు అంతస్తులు, లిఫ్ట్ లేదు. చెప్పులు విప్పి సంచిలో వేసుకుని మోయాలి. ఒక చేతిలో కుచ్చిళ్ళు, ఒక చేతిలో చెప్పుల సంచి, ఇంక రెయిలింగ్ ఎవరు పట్టుకుంటారు చెప్పండి? నేలేమో నున్నగా అరిగిపోయి సాక్సులతో జారుతుంది. (నేను వెళ్ళినరోజు సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు, వెనక లైన్‌లో ఉన్నవాళ్ళంతా చూశారు, మీరు మంచివి వేసుకెళ్ళండి.)

అందుకని అత్తయ్యగారికి కోట టికెట్టే కొనొద్దు. టికెట్ గేటుకి ముందు పెద్ద పచ్చిక మైదానం ఉంది, అక్కడికి డబ్బులేం కట్టక్కర్లేదు, కోట మొత్తం బాగా కనపడేది కూడా అక్కడినుంచే. లేదా పక్కనే కోకోఎన్ తోట, చెరువు నిండా రంగు చేపలు, నవంబర్ కాబట్టి ఎర్రటి మేపుల్ ఆకులు. చెల్లెలు తోడుంటే మీరూ బాబూ పైకెళ్ళి రండి. గోడల్లో తుపాకీలకి మూడుకోణాలు, గుండ్రం, చదరం కన్నాలుంటాయి, లెక్కపెట్టమనండి వాణ్ణి. ఒకికు బావి కూడా చూపించండి, పది పళ్ళేల్లో ఒకటి పోగొట్టిందని ఒకికు అనే పనిపిల్లని చంపి అందులో పడేస్తే రాత్రుళ్ళు ఒకటి, రెండు అని తొమ్మిది దాకా లెక్కపెట్టేదట, ఆ కథ మాత్రం పగలే చెప్పండి.

భోజనం ఇంటినుంచే పట్టుకెళ్ళండి. కూరగాయల సూప్ అన్నా అందులో చేప నీళ్ళు పడతాయి అక్కడ, కోబేలో అయితే ఎటు చూసినా బీఫ్ బోర్డులే. పులిహోర కట్టుకుంటే గొడవే లేదు. రాత్రికి కోబేలో పెద్ద స్టేషనున్న సన్నోమియా చుట్టుపక్కల ఇండియన్ హోటళ్ళు దొరుకుతాయి, మనవాళ్ళు ఎప్పట్నుంచో వ్యాపారాలకి స్థిరపడిన ఊరు, అక్కడి కితానో పేట వీధుల్లో పాలరాతి జైన గుడి కూడా ఉంది. కానీ కితానో అంతా ఎత్తు రోడ్డు, అత్తయ్యగారితో వద్దు, టాక్సీలో అయితే సరే.

మూడింటికల్లా హిమేజిలో రైలెక్కితే 40 నిమిషాల్లో సన్నోమియా. అక్కణ్ణుంచి రేవు ఒడ్డునున్న మెరికెన్ పార్క్ వెళ్ళండి, చదునుగా ఉంటుంది, కూర్చోడానికి బెంచీలు. ఎర్ర పోర్ట్ టవర్ పక్కన ఒక మూల రేవు గట్టుని విరిగింది విరిగినట్టే వదిలేశారు, 1995 జనవరి 17 భూకంపంలో కుంగిపోయింది, దీపస్తంభాలు ఇప్పటికీ పక్కకి ఒరిగి నీళ్ళలో నుంచున్నాయి. టవర్ టికెట్ కొనకపోయినా పర్లేదు గానీ అది చూడకుండా రావొద్దు, చీకటి పడేలోపే చూడండి, నవంబర్‌లో 5 కే పొద్దు పోతుంది. తిరుగు రైలు అరగంటే కాబట్టి కంగారు లేదు, ఎక్కేముందు చెల్లెలి ఇంటికి ఏ లైను దగ్గరో అడిగి ఎక్కండి, ఒసాకాకి అక్కడ మూడు కంపెనీల రైళ్ళున్నాయి.