పరామర్శ అంటే పలకరించి రావడమేనా?

సందేహం: నిరుడు మా నాన్నగారు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. చూడవచ్చిన బంధువులు పళ్లసంచి బల్లమీద పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడి "పరామర్శించి" వెళ్లారు. రాత్రిపూట వచ్చే నర్సు మాత్రం ఆయన వీపుమీది పుండు కడిగి, కట్టు మార్చి, పక్క సర్ది వెళ్లేది. ఆమె ఇచ్చిన లూకా సువార్తలో, దారిలో గాయపడినవాణ్ణి ఆదుకున్న సమరయుని (సమరయ ప్రాంతపు మనిషి) కథ చదువుతూ "అతని పరామర్శించెను" అన్నచోట ఆగిపోయాను. నాకు విశ్వాసం కలిగింది అక్కడే. పరామర్శ అంటే పలకరింపు కాబట్టి అది తప్పు అనువాదమనీ, "సేవచేసెను" అని ఉండాలనీ మా తమ్ముడు వాదిస్తున్నాడు. ఏది సరి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ తమ్ముడు చెప్పిన అర్థం ఈనాటి పత్రికల పరామర్శకు సరిపోతుంది గాని తెలుగు బైబిలు పరామర్శకు సరిపోదు. ఈ మాటకు మూలం మృశ ధాతువు. "మృశ ఆమర్శనే" అని సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం. ఆమర్శనమంటే స్పర్శ అని సిద్ధాంతకౌముది అనే వ్యాకరణ గ్రంథం వివరిస్తుంది. పద్యాన్ని వేళ్లతో తడిమినట్టు పరిశీలించే విమర్శ కూడా ఈ ధాతువు బిడ్డే. ఋగ్వేదం 10వ మండలంలో 60వ సూక్తం చివర, రోగిమీద చేయి వేసి చెప్పే మంత్రం ఒకటి ఉంది: "అయం మే హస్తో భగవానయం మే భగవత్తరః, అయం మే విశ్వభేషజోఽయం శివాభిమర్శనః." ఈ నా చేయి భాగ్యం గలది, అంతకు మించిన భాగ్యం గలది, ఇది అన్ని రోగాలకూ మందు, దీని స్పర్శ శుభం అని భావం. చేతినే మందు అన్న ఆ ఋషి నోట వచ్చిన అభిమర్శనానికీ మన పరామర్శకూ ఉపసర్గలో తప్ప తేడా లేదు. ఈ మంత్రం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

అయితే పరామర్శ ఎల్లవేళలా చల్లని చేయి కాదు. సంస్కృత మహాభారతంలో జుట్టు పట్టి ఈడ్వడానికి కూడా ఈ శబ్దాన్ని వాడారు. తాకే చేయి ఎవరిదన్నదాన్ని బట్టి మాట రంగు మారుతుంది. యెరూషలేము నుండి యెరికోకు దిగి వెళ్తున్న మనిషిని మొదట తాకినవి దొంగల చేతులు; బట్టలు దోచుకొని, కొట్టి, కొరప్రాణంతో విడిచిపోయారు. యాజకుడు "అతనిని చూచి" ప్రక్కగా పోయాడు. ఆలయసేవ చేసే వంశపు లేవీయుడూ చూచి ప్రక్కగా పోయాడు. సమరయుడూ ముందు చూచినవాడే, కాని "జాలిపడి, దగ్గరకుపోయి, నూనెయు ద్రాక్షారసమును పోసి అతని గాయములను కట్టి, తన వాహనముమీద ఎక్కించి" పూటకూళ్లవాని ఇంటికి తీసుకుపోయాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయని కాలమది. ఆ పోయడం, కట్టడం, ఎక్కించడం అన్నీ అయిన తరువాత వచ్చే క్రియ "పరామర్శించెను". మరునాడు రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, పూటకూళ్లవాని చేతిలో పెట్టి "ఇతని పరామర్శించుము" అన్నాడు. ఇంకేమైనా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. పలకరించడానికి ఎవరైనా డబ్బు కట్టి పోతారా? గ్రీకు మూలంలో అక్కడున్న క్రియకు ఒకరి బాగోగులు పట్టించుకొని చూసుకోవడమనే అర్థం. అనువాదకులు సరైన మాటే ఎంచుకున్నారు.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి ఎదుట యేసు "కనికరపడి, చెయ్యిచాపి వానిని ముట్టి" ఆ తరువాతే "నీవు శుద్ధుడవు కమ్ము" అంటాడు. ఎవరూ ముట్టని మనిషిని బాగుచేయడానికి మాట ఒక్కటే చాలునేమో, కాని చేయి ముందు వెళ్లింది. పుండు కడిగిన చేతిని చూసిన మీరు ఆ క్రియ దగ్గర ఆగిపోవడం నాకు వింతగా తోచలేదు. విశ్వాసం సంగతి మీ హృదయానికి తెలియాలి. మాట సంగతి వరకు మీరు సరిగానే చదివారు.

ఇక పోయి చూసి రావడాన్ని పరామర్శ అనడం తప్పా అంటే, తప్పని నేను గట్టిగా చెప్పలేను. "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని మత్తయి సువార్తలో విడిగా రాసిన మాట నిజమే గాని, దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో "పరామర్శించుట" అని బైబిలులో యాకోబు రాసిన లేఖలో (యాకోబు పత్రికలో) ఉన్నచోట గ్రీకు క్రియకు వెళ్లి చూడడమన్న అర్థమూ ఉంది. నా అభ్యంతరమల్లా "ఫోనులో పరామర్శించారు" అని రాసే విలేకరులతోనే. ఫోనులో పలకరించవచ్చు, ఓదార్చవచ్చు, ధైర్యం చెప్పవచ్చు. ఇన్ని మాటలుండగా చేతితో చేసే పనిని ఫోనుకు అప్పగించడం భాషపట్ల అశ్రద్ధ. తర్కంలో గుర్తును బట్టి ఊహించే లింగపరామర్శ, గ్రంథాలయంలో అవసరానికి తిరగేసే పరామర్శ గ్రంథం వేరే దారి పట్టిన అర్థాలు.

"సేవచేసెను" అన్నా దోషం లేదు. పిల్లలకు చెప్పేటప్పుడు "బాగోగులు చూసుకున్నాడు" అంటే ఇంకా బాగుంటుంది. కాని ముద్రిత పాఠాన్ని దిద్దవలసిన పని లేదు. మీ తమ్ముడికి లూకా 10వ అధ్యాయం 34, 35 వచనాలు కలిపి చదివి వినిపించండి, రెండు దేనారాల దగ్గర కాస్త ఆగి.