చొక్కాకి ఏడు గుండీలు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. టైలరింగ్ షాపు నడుపుతాను. మా అమ్మాయి పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివింది, మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం, ఇంగ్లీషు మీడియం. బయాలజీ, ఫిజిక్స్ ఎలాగో లాక్కొస్తోంది గానీ కెమిస్ట్రీ లెక్కలంటే ఏడుపే. వీడియోలో చూస్తే అర్థమవుతుందట, తను చేయబోతే చేయి కదలదట. ఆర్ట్స్‌కి మారిపోతానంటోంది. మార్పించమంటారా? నీట్ తెలుగులో రాయొచ్చా?

జవాబు: ముందు నీట్ సంగతి చెప్పేస్తానండి, అది చిన్నది. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లో రాసేవాళ్లకే ఇస్తున్నారు. ఒడిశాలో సెంటర్ పెట్టుకుంటే ఒడియా ఎంచుకోవచ్చు, పక్కనే ఇంగ్లీషులో కూడా ఉంటుంది. పదేళ్లు ఒడియాలో చదివిన పిల్లకి ఇంట్లో మాట్లాడే తెలుగు కన్నా అదే నయం. దరఖాస్తు పెట్టే ఏడాది సమాచార పత్రంలో ఈ నిబంధన ఇంకోసారి చూసుకోండి.

ఇక అసలు విషయం. ఇప్పుడే మార్పించకండి. మీ అమ్మాయికి కెమిస్ట్రీ రాదని నాకు అనిపించడం లేదు. చూస్తే అర్థమవుతుంది, చేయబోతే చేయి కదలదు అన్నారే, జబ్బు అక్కడే ఉంది. మీ షాపులో కొత్తగా చేరిన కుర్రాడు మీరు గుడ్డ కత్తిరించడం నెల రోజులు చూశాడనుకోండి. వాడి చేతికి కత్తెరిచ్చి పెళ్లికొడుకు సూటు గుడ్డ అప్పజెబుతారా? వీడియోలో మాస్టారు చేస్తుంటే ప్రతి మెట్టూ తెలిసినట్టే ఉంటుంది. తర్వాతి మెట్టు ఏదో ఎంచుకోవాల్సిన పని మాత్రం ఆయనే చేసేస్తాడు.

దగ్గరగా చూద్దాం. 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌లో 100 మిల్లీలీటర్ల 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పోస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? మోల్ అంటే డజను లాంటి లెక్కే, కాకపోతే కంటికి కనబడని కణాలని లెక్కపెట్టేది; 1 మోలార్ అంటే లీటరు ద్రావణంలో ఒక మోల్. చాలామంది పిల్లలు అంకెలు కనబడగానే ఫార్ములా కోసం వెతుకుతారు. కార్బొనేట్ ఒక మోల్ 100 గ్రాములు కాబట్టి ఉన్నది 0.1 మోల్, దాన్ని ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ బరువు 44తో గుణిస్తే 4.4 గ్రాములు, అయిపోయింది అంటారు. తప్పు. ఆసిడ్ సరిపోతుందా అని ఎవరూ అడగలేదు.

ఇదే ప్రశ్న మీ షాపు భాషలో అడగండి. చొక్కాకి ఏడు గుండీలు. కుట్టిన చొక్కాలు పది, డబ్బాలో గుండీలు 56. ఎన్ని చొక్కాలు ఇస్త్రీకి వెళ్తాయి? మీ అమ్మాయి కాగితం ముట్టకుండానే ఎనిమిది అంటుంది, రెండు చొక్కాలు గుండీల్లేకుండా మిగిలిపోతాయని కూడా చెబుతుంది. పుస్తకంలో లిమిటింగ్ రీఏజెంట్ అని పెద్ద పేరు పెట్టి భయపెట్టేది దీన్నే.

ఇప్పుడు కార్బొనేట్ దగ్గరికి రండి. సమీకరణం బ్యాలన్స్ చేస్తే ఒక కార్బొనేట్‌కి రెండు ఆసిడ్‌లు కావాలని తెలుస్తుంది. 0.1 మోల్ కార్బొనేట్‌కి 0.2 మోల్ ఆసిడ్ కావాలి, ఉన్నది 0.1. అంటే ముందు అయిపోయేది ఆసిడ్. సగం కార్బొనేటే కరుగుతుంది, 0.05 మోల్ గ్యాస్ వస్తుంది, 2.2 గ్రాములు. గ్లాసు అడుగున 5 గ్రాముల పొడి మిగిలి ఉంటుంది. ఆ పొడి కళ్లకి కనబడితే లెక్క వచ్చినట్టే. నమ్మకం లేకపోతే తూకం సరిచూడమనండి: ఖర్చయిన కార్బొనేట్ 5, ఆసిడ్ 3.65, కలిపి 8.65 గ్రాములు. వచ్చిన కాల్షియం క్లోరైడ్ 5.55, నీళ్లు 0.9, గ్యాస్ 2.2. అదీ 8.65. జవాబు కోసం వెనక పేజీ చూసుకోనక్కర్లేకుండా తప్పుని తనంతట తాను పట్టుకునే మార్గం ఇది, దీన్ని మాత్రం వదలనివ్వకండి.

మీ పిల్లకి ఇంకో అడ్డంకి కూడా ఉందని నా అనుమానం, భాష. ఎక్సెస్ (అవసరానికి మించి ఉన్నది), ఈల్డ్ (చివరికి చేతికొచ్చేది), ఎవాల్వ్డ్ (వెలువడిన) లాంటి మాటల దగ్గర ఆగిపోయి లెక్క రాలేదనుకుంటుంది. అందుకని మొదటి పని, ప్రశ్నలో అంకెలు చేత్తో మూసి, ఏం జరుగుతోందో ఒడియాలోనో తెలుగులోనో చెప్పడం. దేనిలో ఏం పోశారు, ఏం వచ్చింది, ఏది అడుగుతున్నారు. తర్వాత అంకెలు రాయాలి, ప్రతి అంకె పక్కన గ్రామో మోలో లీటరో తప్పనిసరిగా. యూనిట్ లేని అంకె కొలత రాయని గుడ్డ ముక్కలాంటిది. పది నిమిషాలు కుస్తీ పట్టాకే సొల్యూషన్ తెరవాలి, అదీ ఒక్క లైను. తరువాత మూసేసి మళ్లీ తనే.

ఒక మోల్ వాయువు పట్టే చోటు 22.4 లీటర్లు అంటారు, అక్కడ కూడా జాగ్రత్త. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు 18 గ్రాముల నీళ్లు 22.4 లీటర్లు అని రాసి వచ్చాను. అది వాయువులకే వర్తిస్తుందని ఎవరూ గట్టిగా చెప్పలేదో, నేనే వినలేదో! గుక్కెడు నీళ్లని బిందె దాటించేశాను. కొన్ని పుస్తకాల్లో 22.7 అని కనిపిస్తే కంగారు పడొద్దనండి. సున్నా డిగ్రీల దగ్గర పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే 22.4, 1 బార్ అయితే 22.7.

ఆర్ట్స్‌కి వెళ్లడం చిన్నతనమేమీ కాదు, ఇష్టంతో వెళితే. మోల్ భయంతో మాత్రం వద్దు. కెమిస్ట్రీ వదిలేస్తే ఫార్మసీ, బీఎస్సీ నర్సింగ్ లాంటివన్నీ చేజారతాయి. మీకు దగ్గర్లోనే బరంపురంలో 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, సైన్స్ మీద మనసున్న పిల్లలకి మంచి చోటు. దామంజోడి అల్యూమినా కర్మాగారం, రాయగడ వైపు కాగితం మిల్లు, అన్నిచోట్లా ల్యాబుల్లో రోజూ చేసేది ఇదే మోల్ లెక్క. రెండు నెలలు ఆగి చూడండి. ఈలోగా స్ట్రీమ్ మారడానికి గడువు ఎప్పటిదాకానో కాలేజీ ఆఫీసులో అడిగి ఉంచుకోండి, అవసరం పడితే అప్పటికప్పుడు పరుగులు పెట్టక్కర్లేదు.

ఈ ఆదివారం షాపు మూశాక గుండీల లెక్క అడగండి. ఆ వెంటనే కార్బొనేట్ లెక్క, పెన్ను ఇవ్వకుండా నోటితోనే చెప్పించండి. మధ్యలో ఎక్కడ ఆగిందో, ఏ మాట దగ్గర ఆగిందో చూసి నాకు రాయండి.