మొండి మొటిమలు: మందు పనిచేయలేదా, వాడటంలో తేడా వచ్చిందా?

ముప్పై దాటినా మొటిమలు వదలట్లేదంటూ ఈసారి బెంగళూరు నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. సబ్బులు, ఫేస్‌వాష్‌ల సంగతి పక్కనపెట్టి, డాక్టరు చీటీ మీద రాసిచ్చే మందుల గురించి అడిగినవే ఇక్కడ తీసుకున్నాం. జవాబులు మా చర్మవైద్యుల బృందానివి. ఇందులోని మోతాదులు మీ డాక్టరుతో మాట్లాడుకోవడానికే. చూసి షాపులో కొనుక్కోవడానికి కాదు.

ప్రశ్న: వయసు 31, బరువు 60 కిలోలు. మారతహళ్ళిలో పీజీలో ఉంటాను. గడ్డల్లాంటి మొటిమలకు ఐసోట్రెటినోయిన్ 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకొకటి చొప్పున నాలుగు నెలలు వాడాను. పొద్దున ఏడింటికి కాఫీతో వేసుకునేదాన్ని. ముఖం శుభ్రపడగానే మానేశాను. ఆరు నెలలకు దవడ పొడవునా మళ్ళీ మొదలయ్యాయి. ఒళ్ళు మందుకు అలవాటు పడిపోయిందా? మళ్ళీ వాడితే లివర్ పోతుందని భయపెడుతున్నారు.

జవాబు: ఒళ్ళు అలవాటు పడటమన్నది ఈ మందు విషయంలో ఉండదు. ఇది యాంటీబయాటిక్ కాదు. చర్మంలోని నూనెగ్రంథులను కుదించే మందు. మీకు ఎక్కడ తేడా కొట్టిందో తెలియాలంటే కాగితం మీద చిన్న లెక్క వేస్తే చాలు.

గడ్డలు కట్టే రకానికి కోర్సు మొత్తం మీద కిలో బరువుకు 120 నుంచి 150 మిల్లీగ్రాముల మందు పడాలని చూస్తారు. 60 కిలోలకు అది 7,200 నుంచి 9,000. మీరు వేసుకున్నది 120 రోజులు, రోజుకు 20. అంటే 2,400. కిలోకు 40 మాత్రమే. మూడో వంతు దగ్గర ఆపేశారు. రోజుకు 20 చొప్పున 7,200 చేరాలంటే ఏడాది పడుతుంది, 40 చొప్పునైతే ఆరు నెలలు. తక్కువ మోతాదు తప్పేమీ కాదు. ఓ మోస్తరు మొటిమలకు కావాలనే అలా ఇస్తారు, పెదవులు, కళ్ళు ఎండిపోవడం తక్కువగా ఉంటుంది. కానీ తక్కువ మోతాదు పెట్టుకున్నప్పుడు ఎక్కువ కాలం వాడాలి. ముఖం శుభ్రపడిన రోజు మందు ఆపే రోజు కాదు. కొత్త మొటిమ ఒక్కటీ రాకుండా మరో నెలో రెండు నెలలో గడవాలి.

ఇక ఆ కాఫీ. మీ ఉత్తరంలో అసలు విషయం ఇదే. ఐసోట్రెటినోయిన్ కొవ్వులో కరిగే మందు. మామూలు క్యాప్సూల్‌ను ఖాళీ కడుపుతో వేసుకుంటే, కొవ్వున్న భోజనంతో ఎక్కేదాంట్లో సగం కూడా ఒంటికి ఎక్కదు. అంటే ఆ 2,400లోనూ చాలా భాగం వృథా. కాఫీ, రెండు ఇడ్లీలు భోజనం కిందకి రావు. మీ ప్రాంతంలో ఆంధ్రా మెస్‌లకు కొదవలేదు కదా. మధ్యాహ్నం ముద్దపప్పులో చెంచా నెయ్యి వేసుకున్నప్పుడో, రాత్రి గుడ్డు కూర తిన్నప్పుడో రెండో ముద్ద తర్వాత క్యాప్సూల్ మింగండి. టైము రోజూ ఒకటే కానక్కర్లేదు, పళ్ళెంలో కొవ్వుంటే చాలు.

మందు ఎక్కుతోందో లేదో పెదవులే చెబుతాయి. సరైన మోతాదులో వాడేవారిలో దాదాపు అందరికీ రెండు మూడు వారాల్లో పెదవులు ఎండి పొట్టు లేస్తుంది. నెలైనా పెదవులు మామూలుగానే ఉంటే, మోతాదు చాలట్లేదని గానీ, ఖాళీ కడుపుతో మింగుతున్నారని గానీ అనుమానించాలి. ఎండిన పెదవులను నాలుకతో తడుపుకుంటే ఇంకా పగులుతాయి. వాసన, రంగు లేని మామూలు పెట్రోలియం జెల్లీని రెండు గంటలకోసారి రాయండి. ముక్కులోంచి రక్తపు చార వస్తే అదే జెల్లీని రాత్రి ముక్కు రంధ్రాల లోపలి అంచుకు పూయండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బెంగళూరు గాలి పొడిబారి ఉంటుంది, పైగా రోజంతా ఆఫీసు ఏసీ. కాంటాక్ట్ లెన్సులను ఆ నెలల్లో కళ్ళు అసలు ఓర్చుకోవు, కళ్ళజోడుకు మారండి. కంటికి లేజర్ సర్జరీ ఆలోచన ఉంటే ముందే ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి.

లివర్ సంగతి. మొదలుపెట్టే ముందు లివర్ టెస్టు, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించి, రెండు నెలల లోపు మళ్ళీ చూస్తారు. లివర్ అంకెల కన్నా ఎక్కువగా పెరిగేది ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు. చాలామందిలో కొద్దిగా పెరిగి, మోతాదు తగ్గిస్తే దిగుతాయి. రిపోర్టు చెడటానికి మందు ఒక్కటే కారణం కాదు. ఆదివారం రాత్రి బిర్యానీ, బీరు పట్టించి సోమవారం పొద్దున రక్తమిస్తే ట్రైగ్లిజరైడ్లు ఎగబాకుతాయి. ముందురోజు జిమ్‌లో కాళ్ళ వ్యాయామం గట్టిగా చేసినా లివర్ టెస్టులో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము కండరాల్లోంచి వచ్చి పెరిగి లివర్ దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. టెస్టుకు రెండు మూడు రోజుల ముందు నుంచి ఆ రెండూ ఆపి, పరగడుపున ఇవ్వండి.

డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు దీంతో కలిపి వాడకూడదు, మెదడు చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, వాంతులు వస్తే ఆ రోజే ఆపి డాక్టర్ని కలవండి. విటమిన్ ఎ మాత్రలు విడిగా వద్దు. కోర్సులోనూ, ఆపిన నెల వరకూ రక్తదానం కుదరదు, ఆఫీసులో క్యాంపు పెట్టినా సరే. మనసు కుంగినట్టు, నిద్ర చెడినట్టు ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. ఇంట్లో ఒకరికి ముందే ఈ సంగతి చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే మార్పు మనకన్నా పక్కవాళ్ళకి ముందు తెలుస్తుంది.

రెండో కోర్సు ఇవ్వడం మామూలే. ఈసారి అది పూర్తయ్యాక అడాపలీన్ 0.1 శాతం జెల్ రాత్రిపూట ఏడాదిపాటు కొనసాగించండి. మీ చీటీలో ఆ జెల్ ఉందో లేదో రాయలేదు. మొదటిసారి తిరగబెట్టడంలో అది వాడకపోవడం వంతూ ఉండొచ్చు. దవడ మీదే వస్తున్నాయి కాబట్టి, నెలసరి 35 రోజులు దాటుతుంటే హార్మోన్ పరీక్షలు కూడా అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి 27 ఏళ్ళు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాం, సరిగ్గా మూడు నెలలుంది. పెళ్ళిలోపు ముఖం నున్నగా అవ్వాలంటే ఐసోట్రెటినోయిన్ మొదలుపెట్టొచ్చా? పిల్లలు పుట్టరని మా ఆడపడుచు అంటోంది. (మల్లేశ్వరం)

జవాబు: అమ్మా, పిల్లలు పుట్టరన్నది తప్పు. కానీ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు గుండె, మెదడు, చెవుల్లో తీవ్రమైన లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి, మొదట్లో గర్భ పరీక్ష చేయించాలి. ఆ నెల దాటాక పుట్టే పిల్లలకు దీనివల్ల భయం లేదు.

అయినా ఈ పెళ్ళికి మాత్రం వద్దనే చెబుతాం. మొదటి నెలలో మొటిమలు తగ్గే ముందు ఒకసారి ఎగదన్నే అవకాశముంది. మూడో నెలకి ముఖం బాగుపడినా పెదవులు పగిలి, చర్మం పలచబడి, మేకప్ పొట్టుపొట్టుగా లేస్తుంది. పెళ్ళికూతుర్ని చేసే హడావుడిలో పార్లర్‌కి తీసుకెళ్తారు. ఈ మందు మీద ఉన్నప్పుడు వ్యాక్సింగ్ చేస్తే వెంట్రుకతో పాటు తోలూ వస్తుంది. మందు ఆపాక కూడా ఆరు నెలలు వ్యాక్సింగ్ మానమంటాం. పైగా పెళ్ళినాటికి కోర్సు సగంలోనే ఉంటుంది.

మూడు నెలల్లో చేయదగ్గది రాత్రికి అడాపలీన్, పొద్దునకి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. అవసరమైతే డాక్టరు డాక్సీసైక్లిన్ కలుపుతారు. పెళ్ళికి వారం ముందు ఒక్క పెద్ద గడ్డ లేస్తే సెలైన్ కలిపి పలచన చేసిన ట్రయామ్‌సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ గడ్డలోకి కొంచెం వేస్తారు. రెండు మూడు రోజుల్లో అణుగుతుంది. మందు చిక్కగా పడితే అక్కడ గుంట పడుతుంది కాబట్టి అనుభవమున్న చెయ్యి కావాలి, ముహూర్తం ముందురోజు మాత్రం వద్దు. మిగతాది పెళ్ళయ్యాక దంపతులిద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ప్రతి నెలా పీరియడ్స్‌కి వారం ముందు గడ్డం కింద నాలుగైదు గట్టి మొటిమలు. డాక్టరు స్పిరొనోలాక్టోన్ రాశారు. షాపతను ‘ఇది బీపీ మందు, మీకెందుకమ్మా’ అన్నాడు. భయపడి వేసుకోలేదు.

జవాబు: షాపతను చెప్పింది అబద్ధం కాదు. పాత బీపీ మందే. కాకపోతే పురుష హార్మోన్ నూనెగ్రంథి మీద పనిచేయకుండా కూడా అడ్డుకుంటుంది. మగవాళ్ళకు రొమ్ములు పెరుగుతాయి కాబట్టి మొటిమలకు ఆడవాళ్ళకే ఇస్తారు. 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంగ్లండ్, వేల్స్‌కు చెందిన 410 మంది స్త్రీల మీద చేసిన ట్రయల్ వచ్చింది. ఆరు వారాలు 50 మిల్లీగ్రాములు, తర్వాత 100 ఇచ్చారు. 12 వారాలకు ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే తేడా కొద్దిగానే, 24 వారాలకు స్పష్టంగా కనిపించింది. కాబట్టి రెండో నెలలో ‘ఏమీ లేదు’ అని పక్కన పడేయకండి.

పొద్దున టిఫిన్‌తో వేసుకోండి. ఒంటేలు ఎక్కువసార్లు అవుతుంది, రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది. రొమ్ముల్లో సలుపు, పీరియడ్స్ ముందే రావడం, మధ్యలో మరకలు కనపడటం మామూలు. మోతాదు తగ్గిస్తే సర్దుకుంటాయి. ఈ మందుతో రక్తంలో పొటాషియం పెరుగుతుందన్న భయం కిడ్నీలు బాగున్న వయసువారికి పెద్దగా లేదు, అప్పుడప్పుడూ కొబ్బరిబోండాం తాగితే మునిగిపోయేదేం లేదు. కానీ బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతున్నా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి కో-ట్రైమోక్సజోల్ రాసినా ఈ మాత్ర సంగతి ముందు చెప్పాలి. ‘తక్కువ సోడియం’ ఉప్పు ప్యాకెట్లో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, అది వద్దు. గర్భం ఆలోచన ఉంటే మందు ఆపాలి, మగపిల్లాడి ఎదుగుదల మీద ప్రభావం పడుతుంది.

ప్రశ్న: 26, ఎలక్ట్రానిక్ సిటీ. డాక్సీసైక్లిన్ 100 వేసుకుంటే తగ్గుతాయి, ఆపితే వస్తాయి. ఏడాదిగా ఇదే వరస. ఈమధ్య గుండెల్లో మంట.

జవాబు: మంటకు కారణం మీరు మాత్ర వేసుకునే వేళ అయి ఉండొచ్చు. రాత్రి పడుకోబోతూ గుక్కెడు నీళ్ళతో మింగితే మాత్ర ఆహారనాళంలో అతుక్కుని పుండు చేస్తుంది. మింగుతుంటే నొప్పి ఉంటే మాత్ర ఆపి డాక్టరుకు చూపించండి. ఇకముందు వాడాల్సి వచ్చినా భోజనంతో, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి, అరగంట నడుం వాల్చకండి. ఐరన్, కాల్షియం మాత్రలకు, దీనికి మధ్య రెండు మూడు గంటలు ఎడం ఉండాలి.

ఏడాది మాత్రం చాలా ఎక్కువ. ఈ మాత్రను మూడు నాలుగు నెలలకు మించి లాగరు, అదీ పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ ఉంటేనే. ఒక్క మాత్రే వాడితే సూక్ష్మజీవి మొండికేస్తుంది, ఆపగానే పాత కథ. ఇంకో సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. చల్లగా ఉందని ఎండను తక్కువ అంచనా వేసి బండి మీద తిరిగితే ఈ మాత్ర మీద ఉన్నవారికి చేతులు, ముక్కు కమిలిపోతాయి. హెల్మెట్ పట్టీ రాసుకునే చోటే మొటిమలు వస్తుంటే పట్టీని రోజు విడిచి రోజు ఉతకండి. జిమ్‌లో వే ప్రోటీన్ తాగుతుంటే రెండు నెలలు ఆపి చూడండి.

ప్రశ్న: మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఎనిమిది నెలలు రాశాను. మొదట్లో మొటిమలు పోయి తెల్లబడ్డాను. ఇప్పుడు ఒక్కరోజు మానేసినా ముఖం ఎర్రబడి మండుతోంది.

జవాబు: ట్యూబు మీది సన్నక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ వీటిలో ఏది కనబడినా అది స్టెరాయిడ్. ఇలాంటి 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. తటాలున ఆపితే వారం రోజుల్లోనే ముఖం భగ్గుమంటుంది. ఆ మంటకు భయపడి మళ్ళీ అదే రాస్తారు, అక్కడే చిక్కుకుంటారు. ట్యూబుతో సహా స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మెల్లగా తగ్గించే పద్ధతి, మధ్యలో మంటకు వేరే మందు ఇస్తారు. నెలలు పడుతుంది. ఖర్చు ఇబ్బందైతే విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి.

ప్రశ్న: బెంజాయిల్ పెరాక్సైడ్ మొదలుపెట్టాక దిండు గలీబులు, తువ్వాళ్ళు మచ్చలు మచ్చలుగా తెల్లబడుతున్నాయి. పీజీ ఆంటీ నన్నే అడుగుతోంది.

జవాబు: ఆంటీది న్యాయమే. ఆ మందు బట్టల రంగును పీల్చేస్తుంది, ఉతికినా పోదు. తెల్ల గలీబు, తెల్ల తువ్వాలు విడిగా పెట్టుకోండి. రాసుకున్నాక చేతులు కడుక్కోండి. జుట్టు కుదుళ్ళకు, కనుబొమలకు తగలనీయకండి. ముఖమంతటికీ బఠానీ గింజంత చాలు, కడుక్కున్నాక పూర్తిగా ఆరిన ముఖం మీదే రాయాలి. ముఖానికి ట్రెటినోయిన్ క్రీము కూడా వాడుతుంటే రెండూ ఒకేసారి వద్దు, బెంజాయిల్ పెరాక్సైడ్ దాన్ని పనిచేయనివ్వదు. అడాపలీన్‌కు ఆ ఇబ్బంది లేదు.