ప్యాలెట్లు వెనక్కి తెప్పించుకుంటే లాభమేనా? జడ్చర్ల గోదాం అనుభవంతో నా జవాబు

"కొత్తూరులో మాది చిన్న ప్యాకేజింగ్ యూనిట్. సరుకు కింద బల్లలా పెట్టి పంపే చెక్క ప్యాలెట్లు మళ్లీ రావు, ప్రతిసారీ కొత్తవి కొంటున్నాం. తెప్పించుకుంటే లారీ కిరాయికైనా గిట్టుబాటు అవుతుందా?" అని అడిగారు.

నేను జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో గోదాం చూసుకుంటాను. మీలాంటి వాళ్ల సరుకు దించుకునేది మేమే, ఖాళీ ప్యాలెట్లు మూలన కుప్ప పడేదీ మా దగ్గరే. హైదరాబాద్, కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల మధ్య తిరిగే సరుకైతే కళ్లు మూసుకుని తెప్పించుకోండి. ఢిల్లీకో విదేశాలకో పోయేవాటి మీద ఆశ పెట్టుకోకండి.

ముందు కిరాయి సంగతి. నలభై నాలుగో జాతీయ రహదారి మీద మీ సరుకు దించిన లారీ చాలాసార్లు ఖాళీగానే వెనక్కి పోతుంది. చెక్క ప్యాలెట్ ఎత్తు దాదాపు 15 సెంటీమీటర్లు. అంటే సరుకుతో కలిపి మీటరున్నర ఎత్తుండే ఒక్క ప్యాలెట్ పట్టే చోట ఖాళీవి పది పేర్చవచ్చు. పది లోడ్ల ఖాళీ ప్యాలెట్లు ఒకే లారీలో వచ్చేస్తాయి. ప్రతి ట్రిప్పుకూ తెప్పించక్కర్లేదు, కుప్ప నిండినప్పుడు ఒకసారి చాలు.

మాటవరసకు కొత్త ప్యాలెట్ 900 రూపాయలు అనుకుందాం. వాడేశాక పాత కర్ర కింద 150 వచ్చిందంటే ఒక్క ట్రిప్పుకు 750 పోయినట్టే. అదే ప్యాలెట్ పదిసార్లు తిరిగి, ట్రిప్పుకు కిరాయి, మరమ్మతు కలిపి 70 పడిందనుకోండి, పోయే 750ని పది ట్రిప్పులకు పంచితే 75, దానికి ఆ 70 కలిపి ట్రిప్పుకు 145లో తేలుతుంది. మీ రేట్లు వేసి చూసుకోండి. పది కాదు, నాలుగుసార్లు తిరిగినా లెక్క మీ వైపే ఉంటుంది.

అయితే నా దృష్టిలో అసలు లాభం ఇది కాదు. వెనక్కి రాదని తెలిస్తే ఎవరైనా చవకదే కొంటారు. పలుచని పలకలు, పచ్చి కర్ర, బయటికి పొడుచుకొచ్చిన మేకులు. అలాంటి వాటి మీద వచ్చిన సంచులు చిరిగి మా దగ్గర ఎన్నోసార్లు రిజెక్ట్ అయ్యాయి. ఫోర్క్‌లిఫ్ట్ బండి ఎత్తగానే పలక విరిగితే సరుకంతా కింద పడుతుంది. తిరిగొస్తుందని తెలిస్తే గట్టిది కొంటారు, ఒకే సైజులో కొంటారు. 1200 బై 1000 మిల్లీమీటర్ల సైజు పెట్టుకుంటే చాలా చోట్ల ర్యాకుల్లో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. దించడం కూడా తొందరగా అయిపోతుంది. విడి అట్టపెట్టెలు హమాలీలు ఒక్కొక్కటి మోసేటప్పటికి పూట గడిచిపోతుంది. అంతసేపు లారీ ఆగితే వెయిటింగ్ ఛార్జీ ఎవరు కట్టాలన్న గొడవ వేరే.

మందుల కంపెనీలకు ఇంకో భయం ఉంది. 2009, 2010లో అమెరికాలో టైలినాల్ మాత్రలు ముక్కవాసన వస్తున్నాయని పెద్దఎత్తున వెనక్కి తీసుకున్నారు. చెక్క ప్యాలెట్లకు బూజు పట్టకుండా వేసిన రసాయనం నుంచి పుట్టిన వాసన అది. అందుకే మా లోపలి గదుల్లోకి చెక్కను రానివ్వం, అక్కడ ప్లాస్టిక్ ప్యాలెట్లే. మీ ప్యాలెట్లు ఎవరి దగ్గరికి పోయి వస్తున్నాయో తెలిస్తే మాలాంటి వాళ్లకు టెన్షన్ తక్కువ.

ఎగుమతి సరుకుది వేరే లెక్క. దాని కింద పెట్టే చెక్కను సాధారణంగా లోపలి దాకా కనీసం 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడి చేసి ముద్ర వేయించాలి, చెక్కలోని పురుగులు దేశం దాటకుండా పెట్టిన ఈ అంతర్జాతీయ నియమాన్ని ఐఎస్‌పీఎం 15 అంటారు. ముద్ర ఉన్నదానికి ఇష్టమొచ్చిన పలక కొట్టి మరమ్మతు చేస్తే అది పనికిరాదు, కొత్త పలక కూడా శుద్ధి చేసినదే కావాలి. కాబట్టి ఎగుమతివీ లోకల్‌వీ కలపకండి.

మరి ఇంత లాభం ఉంటే అందరూ ఎందుకు చేయరంటే, లెక్క రాసేవాళ్లు ఉండరు. గేటు దాటిన ప్యాలెట్ ఎవరిదీ కాదు. ధాబాల్లో బల్లలవుతాయి, పొయ్యిలోకి పోతాయి. రేషన్ డీలర్ల దగ్గర ఖాళీ గోనె సంచులు లెక్కపెట్టి వెనక్కి తీసుకుని ధాన్యం కొనుగోళ్లకు వాడుతున్నారు కదా, ప్యాలెట్‌కూ అలాంటి లెక్క కావాలి. చలాన్‌లో ప్యాలెట్లను సరుకుతో కలపకుండా వేరే లైనులో "తిరిగి ఇవ్వవలసినవి" అని రాయండి. అవతల సెక్యూరిటీ దగ్గర గేట్‌పాస్ లేకపోతే ఖాళీవి బయటికి వదలరు, అది ముందే మాట్లాడుకోండి. నెలాఖరున ఏ కస్టమర్ దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. తిరిగి ఇవ్వనివాటికి బిల్లు వేస్తామని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించుకుంటే మంచిది. మాకు సరుకు పంపే ఒక సప్లయర్ ఆ ఒక్క లైను పెట్టాక మా కుప్ప ఎలా కరిగిపోయిందో నేను కళ్లారా చూశాను!

ఈ తలనొప్పి వద్దనుకుంటే లీప్ ఇండియా లాంటి కంపెనీలు అద్దెకిస్తాయి. చెప్ (CHEP) అనే కంపెనీ నీలిరంగు ప్యాలెట్లు మీరు చూసే ఉంటారు, ఇక్కడి వాళ్ల వ్యాపారం ఇప్పుడు లీప్ ఇండియా చేతికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలేసిన సామాన్లతో మొదలైన పద్ధతి అది. మీది చిన్న యూనిట్, రెండు మూడు చోట్లకే సరుకు పోతుంటే అద్దె కన్నా సొంతవే నయమని నేనంటాను.

ఒక వడ్రంగిని నెలకోసారి పిలిపించుకోండి. రెండు పలకలు విరిగినవి బాగు చేయించండి, కింది దుంగలే చీలితే పక్కన పడేయండి. రసాయనం ఒలికినవి మాత్రం ఎంత గట్టిగా ఉన్నా వాపసు తీసుకోకండి, వంటచెరకుకు కూడా ఎవరికీ ఇవ్వకండి.